ఓడిన రోజు ఇంటికి తిరిగివచ్చే దారిలో

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు నిండాయి, వచ్చే నవంబరుకు పదకొండు నిండుతాయి. మూడేళ్లుగా షటిల్ నేర్చుకుంటోంది. అండర్ 11లో ఆడినప్పుడు జిల్లా స్థాయిలో రెండు కప్పులు గెలిచింది. ఈ ఏడాది అండర్ 13లోకి వచ్చాక ఆడిన టోర్నమెంట్లన్నింటిలోనూ మొదటి రౌండులోనే ఓడిపోయింది. ఓడిన ప్రతిసారీ ఏడుస్తుంది, రాకెట్ విసిరికొడుతుంది, ఆ పూట అన్నం ముట్టదు. ఇప్పుడు టోర్నమెంట్ ఉందంటే ముందురోజు సాయంత్రం నుంచే కడుపునొప్పి అంటోంది. పిల్లను ఏడిపించే ఆట మనకెందుకు, మాన్పించేద్దాం అంటుంది నా భార్య. ఆడపిల్లకు ఈ ఊళ్లు తిరగడాలేమిటని మా అమ్మ సణుగుతుంది. ఇంకొంచెం గట్టిగా మందలిస్తే దారిలో పడుతుందని కోచ్ సార్ అంటున్నారు. నేను కబడ్డీ ఆడి పెరిగినవాణ్ణి. దెబ్బలు తగలనిదే మనిషి గట్టిపడడని నా నమ్మకం. అందుకే ఇంటికి వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ తప్పు చేసిందో కారులోనే వివరంగా చెబుతుంటాను. మాన్పిస్తే ఏ కష్టం వచ్చినా వదిలేసే అలవాటు పడుతుందేమోనన్న భయం ఒకవైపు, కొనసాగిస్తే ఇంకా కుంగిపోతుందేమోనన్న భయం మరొకవైపు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, హనుమకొండ

సమాధానం: మాన్పించాలా, కొనసాగించాలా అన్న ప్రశ్నకు నేను ఇక్కడ తీర్పు చెప్పను. దానికి జవాబు చెప్పవలసింది మీ అమ్మాయి. కానీ ఓడితే ఇంట్లో ఏమవుతుందోనన్న బెంగ ఉన్నంతవరకు, తనకు ఆట ఇష్టమో కాదో ఆ బిడ్డ తేల్చుకోలేదు. ఆమె నిదానంగా ఆలోచించుకోగలిగే పరిస్థితి కల్పించడానికి ఇంట్లోనూ కోర్టు దగ్గరా ఏమేమి మారాలో రాస్తాను. అందులో ఎక్కువ భాగం మీరు మార్చుకోవలసినదే కావడం మీకు కొంచెం కష్టంగా తోచవచ్చు. అయినా ఇంత నిజాయితీగా ఉత్తరం రాసిన తండ్రి ఆ కష్టాన్ని ఓర్చుకోగలరనే నమ్మకంతోనే రాస్తున్నాను.

ముందుగా కడుపునొప్పి సంగతి చూడండి. ఆందోళన వల్ల పిల్లలకు వచ్చే కడుపునొప్పి నటన కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది. దాన్ని సాకుగా కొట్టిపారేస్తే, తన మాట ఎవరూ నమ్మరన్న బాధ కూడా ఆ నొప్పికి తోడవుతుంది. ఒకసారి పిల్లల వైద్యునికి చూపించి శారీరకమైన కారణం ఏదీ లేదని తేల్చుకోండి. ఆ తరువాత, ఆట ప్రస్తావన లేని ఒక సాయంత్రం, తల్లి గానీ మీరు గానీ పక్కన కూర్చుని అకాడమీలో ఎవరైనా కొడుతున్నారా, బూతులు తిడుతున్నారా, ఎగతాళి చేస్తున్నారా, ఎవరైనా తాకే తీరు ఆమెకు ఇబ్బందిగా ఉందా అని నెమ్మదిగా అడగండి. ఆటకు వెళ్లనని మొరాయించే పిల్లల్లో అందరి కారణమూ ఓటమి కాదు. అటువంటిది ఏదైనా బయటపడితే ఇక ఈ ఉత్తరంలోని మిగతా సలహాలన్నీ పక్కన పెట్టి, ఆ క్షణమే పిల్లను అక్కడికి పంపడం ఆపి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు చెప్పండి. లైంగిక వేధింపు అయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఆటలో పైకి రావాలంటే ఇవన్నీ భరించాలని ఎవరైనా చెబితే వారి మాట వినకండి.

అటువంటిదేమీ లేదనుకుని ముందుకు వెళదాం.

దెబ్బలు తగలనిదే మనిషి గట్టిపడడన్న మీ నమ్మకంలో సగం నిజం ఉంది. ఓటమి ఎరగని పిల్లలు ఓటమిని తట్టుకోవడం నేర్చుకోలేరు. బడిలో మార్కులకన్నా, ఇంట్లో బుజ్జగింపులకన్నా ఆటస్థలం ఈ పాఠాన్ని బాగా నేర్పుతుంది, ఎందుకంటే అక్కడ ఓటమి తరచుగా వస్తుంది, అందరి ఎదుటా వస్తుంది, మరుసటి వారమే మళ్లీ ప్రయత్నించే అవకాశమూ వస్తుంది. అయితే మిగిలిన సగాన్ని మనం తరచుగా మరచిపోతాం. దెబ్బ తిన్నవారందరూ గట్టిపడరు, చాలామంది బెదిరిపోతారు. దెబ్బ తగిలిన తరువాత తేరుకోవడానికి తోడు దొరికినవారే గట్టిపడతారు. మన ఊళ్లలో పిల్లలకు బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి, మేనమామో బాబాయో తానూ నీళ్లలోకి దిగి, పిల్లవాడు మునిగి తేలేదాకా చేయి అందేంత దూరంలోనే ఉండేవాడు. ఒడ్డున నిలబడి చేతులు ఆడించమని కేకలు వేసినవాడి దగ్గర ఎవరూ ఈత నేర్చుకోలేదు.

దీనికి శాస్త్రపరమైన ఆధారం కూడా గట్టిదే. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు పుట్టుక నుంచి నడివయసు వరకు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల అనారోగ్యం వంటి కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది సమర్థులైన, ఇతరులను ఆదరించగలిగిన పెద్దలుగా ఎదిగారు. వారిని నిలబెట్టిన అంశాల్లో పదే పదే కనిపించినది, షరతు లేకుండా తమను అక్కున చేర్చుకున్న ఒక పెద్ద మనిషైనా ఉండటం. అది తల్లి కావచ్చు, తాత కావచ్చు, పంతులు కావచ్చు. మీ అమ్మాయి ఎదుర్కొంటున్నవి అంత పెద్ద కష్టాలు కావు, నిజమే. కానీ ఓడిపోయి కోర్టు బయటకు వచ్చిన పదేళ్ల పిల్లకు ఆ సమయంలో కావలసినది మాత్రం అదే.

అందుకే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది కారు ప్రయాణం. మీరు తిట్టడం లేదు, కొట్టడం లేదు, తప్పులు వివరిస్తున్నారు. మీ ఉద్దేశంలో అది సాయమే. కానీ ఆమె వైపు నుంచి చూడండి. కోర్టులో పాయింటు పాయింటుకూ తన తప్పు తనకు తెలిసింది. బయటకు వస్తే కోచ్ చెప్పారు. తోటి పిల్లలు చూశారు. ఇక అన్నీ మరచి ఒదిగి కూర్చోగలిగిన ఒకే ఒక్క చోటు నాన్న పక్క సీటు. అక్కడ కూడా మొదటి గేములో ఆ డ్రాప్ ఎందుకు వేశావు, వెనక్కి ఎందుకు పరిగెత్తలేదు అన్న విచారణ మొదలైతే, తలుపు తీసుకుని దిగిపోవడానికి కూడా వీలుండదు. ఇలా కొన్నిసార్లు జరిగాక ఆమె మనసు ఓటమికి కాదు, ఓటమి తరువాతి గంటకు భయపడటం మొదలుపెడుతుంది. ముందురోజు సాయంత్రమే మొదలయ్యే కడుపునొప్పికి ఇదీ ఒక కారణం కావచ్చునని నా అనుమానం. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో, ఓడిన పిల్లలు మైదానం దాటుతూ ముందుగా స్కోరుబోర్డు వైపు కాక గేటు దగ్గర నిలబడిన నాన్న ముఖం వైపు చూడటం నేను పదే పదే గమనించాను.

కాబట్టి ఈసారి నుంచి ఓడిన రోజు కారులో ఆట గురించి మీరుగా ఒక్క మాట కూడా ఎత్తకండి. అలాగని బిగుసుకుని మౌనంగా బండి నడపకండి, ఆ మౌనాన్ని పిల్లలు కోపంగానే చదువుకుంటారు. మంచినీళ్లు ఇవ్వండి, ఆకలేస్తోందా అని అడగండి, దారిలో ఆమెకు ఇష్టమైన ఇడ్లీయో దోసో తినిపించండి, పాటలు పెట్టుకోనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ఇంత చిన్నదానికి ఏడుస్తారా’ అన్న మాటగానీ, ‘ఏం పరవాలేదు, నువ్వే బాగా ఆడావు’ అన్న మాటగానీ అనకండి; మొదటిది ఆమె బాధను తక్కువ చేస్తుంది, రెండవది అబద్ధమని ఆమెకు తెలుసు. ‘గెలవాలని చాలా అనుకున్నావు కదమ్మా, బాధగానే ఉంటుంది’ అంటే చాలు. ఆమె తానుగా ఆట గురించి మాట్లాడితే వినండి, అడగనిదే సలహా ఇవ్వకండి. ఆ సాయంత్రం నానమ్మ కోసమో, ఫోను చేసిన పెదనాన్న కోసమో ఆమె ఎదుటే ఆట మొత్తాన్ని మళ్లీ చెప్పవద్దు. మరొక చిన్న విషయం: గెలిచిన రోజు కప్పుతో ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఓడిన రోజు ఏమీ పెట్టకపోవడాన్ని పిల్లలు గమనిస్తారు. ఇకపై రెండు రోజులూ ఒకేలా ఉండనివ్వండి, అంటే గెలిచిన రోజు హడావిడిని కూడా కాస్త తగ్గించండి.

తప్పులు ఎప్పుడూ మాట్లాడకూడదని నా ఉద్దేశం కాదు. మరుసటి రోజు సాయంత్రం, కడుపునిండా తిని, నిద్రపోయి లేచిన తరువాత, ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న వేళ, నిన్నటి ఆటలో నీకు బాగా ఆడాననిపించినది ఏది, కష్టమనిపించినది ఏది, ఈ వారం దేని మీద సాధన చేద్దాం అని అడగండి. ఆమె చెప్పేవి మీకు తోచినవి కాకపోవచ్చు. అయినా ఆమె ఎంచుకున్న ఒక్క అంశాన్నే పట్టుకోండి. మీరు గమనించిన పదకొండు లోపాలకన్నా ఆమె తనంతట తాను కనిపెట్టిన ఒక్క లోపం తొందరగా సరిదిద్దుకుంటుంది. పైగా ఓటమిని విడదీసి చూసి, అందులో తన చేతిలో ఉన్నది ఏదో వేరు చేసుకోవడం అలవాటవుతుంది.

రాకెట్ విసరడం విషయంలో మాత్రం మెత్తబడవద్దు. ఏడవడం వేరు, వస్తువు విసరడం వేరు. ఆటలో కూడా దానిని అనుచిత ప్రవర్తనగానే చూస్తారు. అంపైరు పసుపు కార్డు చూపి హెచ్చరిస్తారు, మళ్లీ చేస్తే ఎర్ర కార్డుతో పాయింటు ప్రత్యర్థికి పోతుంది. ‘కోపం రావచ్చు, ఏడవచ్చు, కానీ రాకెట్ విసిరితే మరునాటి ప్రాక్టీసుకు రాకెట్ సంచిలోంచి బయటకు రాదు, ఆ రోజు ఫుట్‌వర్క్ మాత్రమే’ అని ముందే చెప్పి, జరిగినప్పుడు కేకలు లేకుండా అమలు చేయండి. ఓడినా గెలిచినా ప్రత్యర్థితోనూ అంపైరుతోనూ చేయి కలిపి రావడం కూడా ఇటువంటి నియమమే.

ఇక మీరు ఉత్తరంలో రాసి కూడా అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. మీ అమ్మాయి నవంబరులో పుట్టింది, అండర్ 13లోకి ఈ ఏడాదే వచ్చింది. వయసు విభాగాలను పుట్టిన సంవత్సరాన్ని బట్టి, జనవరి 1 ప్రాతిపదికగా లెక్కిస్తారు. ఒక్కో విభాగంలో రెండేళ్ల పిల్లలు కలిసి ఉంటారు. అంటే ఆమె ఎదురుగా నిలబడే పిల్ల ఆమెకన్నా దాదాపు రెండేళ్లు పెద్దది కావచ్చు. పైగా చాలామంది ఆడపిల్లల్లో 11, 12 ఏళ్ల ప్రాంతంలో ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ ఎదుగుదల వచ్చేసిన పిల్లకు, ఇంకా రాని పిల్లకు మధ్య స్మాష్ బలంలో, కోర్టు చుట్టివచ్చే అడుగుల్లో ఎంత తేడా ఉంటుందో మీరే ఊహించండి. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను 1980లలో పరిశీలించిన పరిశోధకులకు, మేటి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా కనిపించారు; చిన్న వయసులో కొన్ని నెలల పెద్దరికాన్నే అందరూ ప్రతిభగా పొరబడ్డారన్నమాట. నిరుడు అండర్ 11లో పెద్ద పిల్లగా గెలిచిన మీ అమ్మాయి ఈ ఏడాది చిన్న పిల్లగా ఓడుతోంది. ఆమె ఆట దిగజారలేదు, ఎదుట నిలబడేవారు మారారు. ఈ సంగతి ఆమెకు క్యాలెండరు ముందు పెట్టి, అర్థమయ్యేలా వివరించండి. తనలో ఏదో లోపముందని కుమిలిపోతున్న పిల్లకు ఇది ఎంత ఊరటనిస్తుందో చూస్తారు. అలాగే ఈ ఏడాది లక్ష్యాన్ని కూడా మార్చండి. గెలుపు సంగతి పక్కన పెట్టి, గేములో 21 పాయింట్లకు 8 దగ్గర ఆగిపోతున్న పిల్ల 12కు, ఆ తరువాత 15కు చేరితే అదే ముందడుగుగా లెక్కపెట్టండి.

చిన్న వయసులో ఫలితాలకు ఇంత బరువు ఇవ్వడం మంచిది కాదని గుర్తించిన దేశాలున్నాయి. నార్వేలో పిల్లల క్రీడలకు 1987 నుంచే ప్రత్యేక నియమాలున్నాయి. పదకొండో ఏడు వచ్చేవరకు ఫలితాల పట్టికలు, ర్యాంకులు పెట్టకూడదు, పదమూడో ఏడు వరకు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండకూడదు. ఆ చిన్న దేశమే 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలతో అందరికన్నా ముందు నిలిచింది. జూడోకు పుట్టిల్లయిన జపాన్‌లో, తల్లిదండ్రులూ శిక్షకులూ గెలుపు కోసం చిన్నపిల్లల మీద విపరీతమైన ఒత్తిడి తెస్తున్నారని ఆ దేశపు జూడో సమాఖ్య 2022లో ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలనే రద్దు చేసింది. మన దగ్గర అటువంటి నియమాలు లేవు కనుక ఆ పని ఒక్కో ఇంట్లో ఒక్కో తండ్రి, తల్లి చేసుకోవలసి వస్తోంది.

కోచ్ సార్‌తో మీరు ఒకసారి విడిగా, గౌరవంగా మాట్లాడాలి. మందలిస్తే దారిలో పడుతుందన్న వారి అభిప్రాయం మన మైదానాల్లో తరతరాలుగా ఉన్నదే, దానికి వారొక్కరినే తప్పుపట్టలేం. కానీ దీనిని పరీక్షించి చూసినవారు ఉన్నారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల బేస్‌బాల్ కోచ్‌లకు ఒక చిన్న శిక్షణ ఇచ్చారు. మంచి ప్రయత్నాన్ని వెంటనే మెచ్చుకోవడం, తప్పు జరిగినప్పుడు ముందు ధైర్యం చెప్పి తరువాత ఎలా సరిదిద్దుకోవాలో చూపించడం, శిక్షలూ వెటకారాలూ మానడం అందులోని ముఖ్యాంశాలు. శిక్షణ పొందిన కోచ్‌ల జట్లు మిగతా జట్లకన్నా ఎక్కువేమీ గెలవలేదు; అయినా ఆ పిల్లలు ఆటను ఎక్కువ ఆనందించారు, తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్న పిల్లలకే అందరికన్నా ఎక్కువ మేలు జరిగింది. 1992లో ప్రచురించిన వారి అధ్యయనంలో, మరుసటి ఏడాదికి ఆట మానేసినవారు మామూలు కోచ్‌ల దగ్గర 26 శాతం ఉంటే, శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర 5 శాతమే ఉన్నారు. ఇది చెప్పి కోచ్ గారితో వాదన పెట్టుకోమని నేను అనడం లేదు. మా అమ్మాయి తిడితే బిగుసుకుపోతోంది సార్, చూపించి చెబితే పట్టుకుంటోంది, రెండు నెలలు అలా ప్రయత్నిద్దామా అని అడగండి. మంచి శిక్షకులు ఈ మాటను అవమానంగా తీసుకోరు. తీసుకుంటే, అకాడమీ మార్చడం గురించి ఆలోచించవలసిన సమయం వచ్చిందని అర్థం.

ఓటమి నుంచి తేరుకోవడం కూడా సాధనతో వచ్చేదేనని కోచ్ గారికి తెలిసే ఉంటుంది, దానికి ప్రాక్టీసులో సమయం కేటాయించమని అడగండి. పాయింటు పోయిన ప్రతిసారీ ఒకే వరుసలో చేయవలసిన చిన్న పని ఒకటి నేర్పాలి: నెట్‌కు వీపు తిప్పడం, రాకెట్ తీగలను వేళ్లతో సవరించుకోవడం, ఒక్కసారి నిదానంగా ఊపిరి వదలడం, తరువాతి సర్వీసు ఎక్కడ వేయాలో లేదా ఎక్కడ వస్తుందో మాత్రమే తలుచుకుని తిరగడం. ఆట ఆలస్యం కాకుండా కొద్ది సెకన్లలో ముగిసిపోయే పని ఇది. గేములో ఒకరు 11 పాయింట్లకు చేరగానే ఒక నిమిషం, గేముల మధ్య రెండు నిమిషాలు విరామం ఉంటుంది. ఆ విరామంలో కోచ్ ఆమెకు ఒకే ఒక్క విషయం చెప్పాలి, జాబితా చదవకూడదు. ప్రాక్టీసు గేములను కొన్నిసార్లు 0-0 నుంచి కాక 11-17 వద్ద వెనుకబడిన స్కోరు నుంచి మొదలుపెట్టించాలి. అక్కడి నుంచి గెలవడం అరుదు, కానీ వెనుకబడి ఉన్నప్పుడు కాళ్లు చల్లబడకుండా ఆడటం ఆమె శరీరానికి పరిచయమవుతుంది. వారంలో ఒకరోజు డబుల్స్ ఆడించడం కూడా మంచిది. పక్కన జోడీ ఉన్నప్పుడు తప్పు జరిగితే చేయి తట్టి తరువాతి పాయింటుకు వెళ్లడం పిల్లలు సింగిల్స్‌లోకన్నా తొందరగా నేర్చుకుంటారు, ఓటమి భారాన్ని ఒక్కరే మోయవలసిన అవసరం కూడా ఉండదు.

వారంలో ఎన్ని రోజులు ఆడిస్తున్నారో మీరు రాయలేదు. ఏడు రోజులూ అయితే ఒకటి రెండు రోజులు తగ్గించండి. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2016 నివేదికలో వారానికి ఒకటి రెండు రోజుల విశ్రాంతిని, పదిహేనేళ్ల ప్రాంతం వరకు ఒకే ఆటకు కట్టిపడేయకుండా పలు ఆటలు ఆడించడాన్ని సూచించింది. మిగిలిన సాయంత్రాల్లో వీధి పిల్లలతో ఖోఖోనో, మీకు ఇష్టమైన కబడ్డీయో ఆడుకోనివ్వండి. మీరూ దిగి ఆడండి, ఆమె చేతిలో ఓడిపోయి నవ్వుతూ మట్టి దులుపుకోండి.

ఇక్కడ పెద్ద క్రీడాకారుల ఉదాహరణల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీలాంటి తండ్రులు వాటిని మంచి మనసుతోనే తప్పు సమయంలో వాడుతుంటారు. పి.వి. సింధు 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో గ్లాస్గోలో 110 నిమిషాలు పోరాడి నొజోమి ఒకుహారా చేతిలో ఓడారు, 2018లో నాన్‌జింగ్‌లో మళ్లీ ఫైనల్‌కు వచ్చి కరోలినా మారిన్ చేతిలో ఓడారు, 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి బంగారు పతకం గెలిచారు. అద్భుతమైన కథే. కానీ మొదటి రౌండులో ఓడి ఏడుస్తున్న పిల్లకు ఆ సాయంత్రమే సింధును చూడు అని చెబితే, అది ధైర్యంలా కాక, ఇంకొక మేటి మనిషితో పోలికలా వినిపిస్తుంది. ఈ కథలు మామూలు రోజుల్లో, భోజనం దగ్గర, ఎవరి ఓటమితోనూ ముడిపెట్టకుండా చెప్పుకోవలసినవి.

నన్ను అడిగితే మీ అమ్మాయికి విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి చెప్పమంటాను. 100 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 2002 నుంచి 13.38 సెకన్ల దగ్గర ఉండిపోయింది. జ్యోతి 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో 13.03 సెకన్లలో పరుగు ముగించింది. అక్కడ డోపింగ్ పరీక్ష వంటి లాంఛనాలు జరగనందున అది రికార్డుగా నమోదు కాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 సెకన్లు నమోదు చేసింది; వెనుకనుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు మించకూడదన్న నియమానికి ఆ రోజు 2.1 మీటర్లు ఉన్నందున అదీ చెల్లలేదు. కొద్ది వారాల్లోనే, 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో చివరకు రికార్డు సాధించింది. మొదటి రెండుసార్లూ ఆమె చేయవలసినదంతా చేసింది, చేజారినది ఆమె చేతిలో లేనిది. గాలి ఎంత వేగంతో వీస్తుందో, డ్రాలో ఎవరు పడతారో, ప్రత్యర్థి ఏ నెలలో పుట్టిందో ఆటగాళ్ల చేతిలో ఉండదని, మరుసటి పరుగుకు సిద్ధపడటం మాత్రం ఉంటుందని పదేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యే ఉదాహరణ ఇది.

మీ అమ్మగారి మాట గురించి కూడా చెప్పాలి. ఆమె సణుగుడును మీరు తేలికగా తీసుకోవచ్చు, పిల్ల తీసుకోదు. ఇంకో ఒకటి రెండేళ్లలో మీ అమ్మాయి శరీరంలో మార్పులు వస్తాయి. చాలామంది ఆడపిల్లలు ఆట వదిలేసేది ఆ వయసులోనే, అది కూడా ఎవరూ మానమని చెప్పకుండానే, సిగ్గుతోనూ, అసౌకర్యంతోనూ, ఇంట్లో వినిపించే ఇటువంటి మాటలతోనూ. నెలసరి గురించి ఆమె తల్లి ఇప్పటినుంచే మాట్లాడటం, అకాడమీలో శుభ్రమైన మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకునే చోటు ఉన్నాయో లేదో మీరు చూసుకోవడం, ఆమెకు సౌకర్యంగా ఉన్న దుస్తుల్లోనే ఆడనివ్వడం అవసరం. మీ అమ్మగారిని ఒకసారి ప్రాక్టీసుకు వెంటబెట్టుకుని వెళ్లండి. టోర్నమెంటుకు కాదు, మామూలు సాయంత్రం ప్రాక్టీసుకు. మనవరాలు పరుగెత్తడం కళ్లారా చూశాక చాలామంది నానమ్మల అభిప్రాయం మెత్తబడుతుంది.

ఇప్పుడు మీ అసలు భయానికి వస్తాను. మాన్పిస్తే వదిలేసే అలవాటు పడుతుందా? ఏడుస్తున్న రోజున, కోపంలో, ఒక్క మాటతో మాన్పిస్తే ఆ ప్రమాదం ఉంది; బాధ నుంచి తప్పించుకోవడమే దానికి మందు అని ఆమె నేర్చుకుంటుంది. బలవంతంగా కొనసాగించినా అంతే ప్రమాదం ఉంది. తన మనసు చెప్పేదానికి విలువ లేదని నేర్చుకుంటుంది. అందువల్ల నిర్ణయానికి ఒక పద్ధతి పెట్టండి. వచ్చే రెండు నెలలు టోర్నమెంట్లు వద్దు, ప్రాక్టీసు మాత్రం సాగనివ్వండి, పైన చెప్పిన మార్పులు మీరూ కోచ్ గారూ అమలు చేయండి. ఆ తరువాత ఆమెకు ఇష్టమైతే దగ్గరలోని ఒక చిన్న టోర్నమెంటు ఆడనివ్వండి, ఏది ఆడాలో ఆమెనే ఎంచుకోమనండి. అది అయిన వారానికి, ఓడిన రోజూ గెలిచిన రోజూ కాని మామూలు రోజున, ఆమెను, ఆమె తల్లిని కూర్చోబెట్టి మూడు దారులు ముందుంచండి: ఇలాగే కొనసాగించడం, పోటీలు లేకుండా సరదాగా ఆడుకోవడం, మరో ఆటకు మారడం. ఏ దారి ఎంచుకున్నా ఏదో ఒక ఆట మాత్రం ఉండాలన్నది మీ ఇంటి నియమంగా పెట్టుకోవచ్చు, అందులో తప్పులేదు. ఆమె షటిల్ వద్దంటే కారణం అడగండి, వినండి, ఒప్పుకోండి. అకాడమీలో ఆ నెల ముగిసేవరకు వెళ్లి, కోచ్ గారికి, డబుల్స్ జోడీకి తానే స్వయంగా చెప్పి, నమస్కారం పెట్టి రమ్మనండి. అలా ముగించిన పిల్ల పారిపోయినట్టు కాదు.

ఈ రెండు నెలల్లో ఒక్కటి గమనిస్తూ ఉండండి. ఆటతో సంబంధం లేని రోజుల్లో కూడా నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, స్నేహితులకు దూరంగా ఉండటం, తనను తాను పనికిరానిదాన్నని అనుకోవడం కనిపిస్తే దాన్ని ఆట సమస్యగా చూడకండి, పిల్లల మానసిక వైద్యుల సలహా తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అటువంటివేమీ లేకపోతే తొందరపడవలసినది ఏమీ లేదు, ఆమెకు పదేళ్లే. ముందుగా ఈ ఆదివారం కోచ్ గారిని కలవండి. కలవబోయే ముందు ఆయనతో ఏమి మాట్లాడబోతున్నారో మీ అమ్మాయికి చెప్పి, ఇంకేమైనా అడగాలా అని ఆమెనే అడగండి.